పొయ్యి మీద పెట్టని తిండి

మా తమ్ముడు శీనుకు రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి. వాడు, వాడి భార్య లక్ష్మి, మా నాయన జమ్మలమడుగులో ఉంటారు. రక్తం శుద్ధి చేసే మిషన్ కోసం వాడు వారానికి రెండుసార్లు ప్రొద్దుటూరుకు రావాలి. నేను ఉండేది ప్రొద్దుటూరే. లక్ష్మి నాయనను ఒంటరిగా వదిలి రాలేదు గనుక ఆసుపత్రికి తోడు పోవడం నా పనైంది. మొదట్లో ఒక రోజు శీను లోపల మిషన్ మీద ఉండగా, తిండి సంగతులు చెప్పే అమ్మాయి నన్ను పిలిచి ఎదురుగా కూచోబెట్టుకుంది. చిన్నపిల్లే గానీ ఓపికగల మనిషి. ఉప్పు ఎంత వేయాలో, పప్పు ఎట్లా తగ్గించాలో, దాహమైతే ఎన్ని గుక్కలు తాగాలో నెమ్మదిగా చెప్పుకొచ్చింది. తర్వాత పండ్ల దగ్గరికి వచ్చింది. "అరటిపండు వద్దు మేడం. చీనీ, అదే బత్తాయి, బొప్పాయి, దానిమ్మ వద్దు. కొబ్బరినీళ్లు అసలే వద్దు. వాటిల్లో పొటాషియం ఎక్కువ. మామూలు మనుషులకైతే మంచిదే. కిడ్నీలు పని చేయనోళ్లకు అది బయటికి పోదు, రక్తంలోనే పేరుకుంటుంది. ఉన్నట్టుండి గుండె ఆగిపోవచ్చు." నా చూపు తన మీద లేకపోయేసరికి, "మేడం, వింటున్నారా?" అని అడిగింది. వింటున్నానని తల ఊపాను. మా అమ్మ పోయేముందు ఏడాదిన్నర పాటు ఆ పండ్లు తినే బతికింది. మా నాయన వాటిని తన చేతులతో పెంచి, తన చేతులతో కోసి, ఆమె తినేదాకా పక్కన కూచుని పెట్టాడు.

నాయన ఆ కాలంలో జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయే ప్రైవేటు బస్సుకు డ్రైవరు. తెల్లవారకముందే లేచి పోయేవాడు, పొద్దు గుంకినాక వచ్చేవాడు. ఆయన రాకను మేము మొదట డీజిలు వాసనతో గుర్తుపట్టేవాళ్లం. ఖాకీ చొక్కా విప్పి దండెం మీద వేసి, బండ మీద నిలబడి మోకాళ్లదాకా కాళ్లు కడుక్కుని, తడి తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ లోపలికి వచ్చేవాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. రోజంతా ఇంజను మోత వినీ వినీ ఇంటికొచ్చాక ఆయనకు నిశ్శబ్దమే ఇష్టంగా ఉండేదేమో. అమ్మ ఆయనకు పూర్తిగా ఎదురు. పత్తికట్టె పొయ్యిలో పెట్టి ఊదుతూ కూడా మాట్లాడేది. రోట్లో చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి, నూరుతూ, నూరే చెయ్యి ఆపకుండానే వీధిలో పోయేవాళ్లను పలకరించేది. ఉడుకుతున్న సంగటి కుండను దించి, రెండు పాదాల మధ్య పెట్టుకుని, కట్టెతో కెలికేటప్పుడు మాత్రమే ఆమె నోరు మూతపడేది. ఆ పని అంత బలం అడుగుతుంది. చేతులు తడుపుకుని ముద్ద చేసి పళ్లెంలో వేస్తే అది నున్నగా మెరిసేది. మా జేజి, అంటే నాయన తల్లి, పొయ్యి పక్కనే తన ఆకువక్క సంచి పెట్టుకుని కూచుని, కోడలు చేసే ప్రతి పనికీ ఒక వంక పెట్టేది. కానీ తిండి దగ్గర ఎప్పుడూ వంక పెట్టలేదు. రెండో ముద్ద అడిగి మరీ వేయించుకునేది.

అమ్మకు మొదట కళ్ల కింద వాపు వచ్చింది. నిద్ర చాలక అనుకున్నాం. తర్వాత పాదాలు ఉబ్బాయి. మెట్టెలు వేళ్లలోకి దిగిపోయి నొప్పి పెడుతుంటే, పక్కింట్లో రేకు డబ్బాలు చేసే ఖాసీం మామ తన కత్తెర తెచ్చి, ఎక్కడ తెగుతుందోనని భయపడుతూ భయపడుతూ వాటిని కోసి తీశాడు. మెట్టెలు తీసిన కాళ్లను చూసి జేజి మొహం తిప్పుకుంది. ఊర్లో ఉన్న ముసలి డాక్టరు దగ్గరికి తీసుకుపోయినప్పుడు నేనూ వెంట ఉన్నాను. ఆయన పరీక్షలన్నీ చేయించి నాయనను కూచోమన్నాడు. నాయన కూచోలేదు. మూత్రపిండాలు రెండూ బలహీనపడ్డాయనీ, ఉప్పు మానేసి తేలికైన తిండి పెట్టమనీ, మద్రాసులో ఏవో మిషన్లు వచ్చాయని వింటున్నాం గానీ అవి మనబోటి వాళ్లకు అందేవి కావనీ ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. చెప్పేటప్పుడు నాయన కళ్లలోకి చూడలేదు. ఇంటికి నడిచి వస్తుంటే అమ్మ, "ఉప్పు ల్యాకుండా వంకాయ ఎట్ల తినేదబ్బా?" అని నవ్వింది. నాయన నవ్వలేదు. నాలుగడుగులు ముందు నడవడం, ఆగి ఆమె కోసం చూడడం, మళ్లీ నడవడం. దారంతా అంతే.

ఉప్పు లేని తిండి కొన్నాళ్లు తిన్నది. తర్వాత తిండి మీదే అసహ్యం పుట్టింది. నోట్లో తుప్పు పట్టినట్టుందని చెప్పేది. తాళింపు గింజలు చిటపటమంటే చాలు, దొడ్లోకి పరుగెత్తి వాంతి చేసుకునేది. వంట చేస్తూ రోజంతా మాట్లాడిన మనిషి వంటింటి వాసన తగలకుండా పడసాలలో మూలకు చాప వేసుకుని పడుకోవడం మొదలుపెట్టింది. నేను బడి నుంచి వచ్చేసరికి పొయ్యి దగ్గర జేజి ఉండేది, జేజి కళ్లలో పొగ నీళ్లు ఉండేవి.

ఆ రోజుల్లోనే నాయనకు బస్సులో ఒక అయ్యవారి పరిచయమైంది. పులివెందులలో బడిపంతులుగా చేసి మానుకున్న మనిషి. ఎప్పుడూ డ్రైవరు వెనక సీటులో కూచునేవాడట. ఎన్నో ఏళ్లు వేధించిన కడుపునొప్పిని పండ్లు తిని పోగొట్టుకున్నానని చెప్పాడట. నాయన ఒక ఆదివారం అమ్మను, నన్ను బస్సులో కూచోబెట్టుకుని ఆయన ఇంటికి తీసుకుపోయాడు. ఊరి చివర చిన్న ఇల్లు, చుట్టూ చీనీ చెట్లు, జామచెట్లు. ఆయన సన్నగా, నిటారుగా, తళతళమనే చర్మంతో ఉన్నాడు. అమ్మ వాచిన కాళ్లను చాలాసేపు చూశాడు. "నిప్పు తగిలిన తిండి సచ్చిన తిండి డ్రైవరప్పా," అన్నాడు. "చెట్టు మీద పండింది, మన చేత్తో కోసింది, అదే తినాల. కొనుక్కున్న దానికంటే పండిచ్చుకున్నది మేలు. ఉప్పుండదు, నూనుండదు, లోపల చెత్తంతా కొట్టకపోతాది. నమ్మి తినమ్మా, నీకు బాగైతాది." వచ్చేటప్పుడు గంపెడు చీనీకాయలు తనే బస్సు దాకా మోసుకొచ్చి ఎక్కించాడు. ఆయన మోసగాడు కాడు. మా దగ్గర ఏమీ ఆశించలేదు. తను నమ్మిందే చెప్పాడు, తను తినేదే ఇచ్చాడు. ఎవరి మీదనైనా కోపం తెచ్చుకుందామని ఇప్పుడు వెతికితే, ఆయన మీద తెచ్చుకోవడానికి కూడా నాకు వీలు లేదు.

మరీ నిస్సహాయంగా అనిపించేదేమిటంటే, పండ్లతో అమ్మకు నిజంగానే బాగైంది. మొదటి నెలల్లో వాంతులు నిలిచాయి. చీనీ తొనలు చల్లగా గొంతు దిగుతుంటే ఆమె కళ్లు మూసుకునేది. పాదాల మీద వేలితో నొక్కితే పడే గుంట లోతు తగ్గుతూ వచ్చింది. "కాళ్లు తేలిగ్గుండాయి," అని ఒకరోజు తనే లేచి వాకిట్లో నడిచి చూపించింది. ఆ ఎండాకాలం పెన్నలో నీళ్లు ఒక పక్కకు ఒదిగి, ఇసుకలో కళింగర, అదే పుచ్చకాయ, దోస తీగలు పాకినప్పుడు, మమ్మల్నందరినీ నాయన సాయంత్రం ఏటికి తీసుకుపోయాడు. అమ్మ ఇసుకలో చెప్పులు విడిచి నడిచింది. తీగలు వేసుకున్న రైతు దగ్గర కళింగర పండు కొని, కత్తి లేకపోతే రాయి మీద వేసి పగలగొట్టింది. మోచేతుల దాకా రసం కారుతుంటే శీను ఆమె మోచేతిని నాకాడు. వాడు అప్పటికి బడిలో కూడా పడలేదు. అమ్మ గట్టిగా నవ్వింది. నాయన కొంచెం దూరంగా కూచుని, పండు తినకుండా, ఆమెనే చూస్తూ ఉన్నాడు. ఆ సాయంత్రం తర్వాత పండ్ల వైద్యం మీద ఆయనకు మరో ఆలోచన లేదు. ఉండమనడం కూడా అన్యాయమే.

మా ఇంటి దొడ్డంతా నాపరాళ్లు పరిచిన నేల. మా ప్రాంతంలో రాయికి కొరత లేదు గదా. నాయన సెలవు రోజున గడారు తెచ్చి ఆ బండలు పీకడం మొదలుపెట్టాడు. ఒక్కో బండ లేచినప్పుడల్లా కింద నుంచి చెమ్మ వాసన, తేళ్లు, వానపాములు బయటికొచ్చేవి. జేజి గడపలో నిలబడి, "కట్టిన ఇంట్లో బండలు పీకుతాండావు, నీకేమన్నా పిచ్చా?" అని అరిచింది. ఆయన ఇంకో బండ కింద గడారు దూర్చాడు. ఏటి వండ్రుమట్టి బండికెత్తి తెప్పించాడు, పశువుల ఎరువు కలిపాడు. బొప్పాయి, అరటి, దానిమ్మ నాటాడు. గోడ వారగా కీర, గుమ్మడి, సొర పాదులు పెట్టాడు. మేము స్నానం చేసిన నీళ్లు కాలువ తీసి అరటి మొదళ్లకు మళ్లించాడు. మేమెవ్వరం ఒంటికి సబ్బు వాడగూడదన్నాడు, సున్నిపిండే. డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కోకముందే చెట్ల దగ్గరికి పోయేవాడు. మాతో మాట్లాడని మనిషి వాటితో ఏదో గొణిగేవాడు. ఆయన చొక్కాకు డీజిలు వాసనతో పాటు చీనీ తొక్కల వాసన, పేడ వాసన చేరాయి. ఇల్లంతా మగ్గే పండ్ల పులుపు తీపి వాసన. ఎక్కడ చూసినా చిన్న చిన్న ఈగలు. గోడల మీద చీమల బారులు.

తర్వాత ఆయన ఇంకో మాట చెప్పాడు. "ఆమె ఒక్కతే పండ్లు తింటాంటే మనం ముందర కూచ్చోని తాళింపులు పెట్టుకుంటామా? అందరం అదే తిందాం. మనకూ ఆరోగ్యమే." జేజికి మాత్రం పొద్దున ఒకసారి, అదీ వాకిట్లో, పొయ్యి ముట్టించుకునే అనుమతి దొరికింది. సాయంత్రం పొయ్యి లేదు. అమ్మ ఒప్పుకోలేదు. "పిల్లోల్లను కడుపు మాడ్చొద్దు, వాళ్లకేం జబ్బుండాది?" అని ఎంతో చెప్పింది. కానీ తాళింపు వాసనకు ఆమెకు తిప్పడం అందరం చూసినవాళ్లమే, ఆమె మాట సాగలేదు. శీను బొప్పాయి ముక్కలు పళ్లెంలో పెట్టుకుని, "బువ్వ యాడ?" అని ఏడ్చేవాడు. రెండు పూటలు తింటే కడుపు జారేది. ఖాసీం మామ భార్య చాందమ్మత్త గోడ మీంచి మమ్మల్ని పిలిచి, చిన్న గిన్నెలో అన్నం, పప్పు పెట్టి, గోడ అవతలే తినమనేది. "మీ నాయన మంచోడే బేటా, మంచోడే," అనేది, మేము తింటున్నంతసేపు. నాయన మాత్రం ఎవరూ చూడనప్పుడు కూడా మాట తప్పలేదు. రోజంతా స్టీరింగు తిప్పే మనిషి అరటిపండ్లు, చెనిక్కాయలు తిని బండి నడిపాడు. చెంపలు లోపలికి పోయాయి, నడుము బెల్టుకు కొత్త రంధ్రాలు పడ్డాయి. తన ఒంట్లోంచి తీసి ఆమె ఒంట్లో పెట్టవచ్చని ఆయన అనుకుంటున్నాడేమోనని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

మరుసటి ఏడు మా దొడ్లో మొదటి బొప్పాయి పండినప్పుడు నాయన డ్యూటీకి పోలేదు. పండును గుడ్డలో పెట్టి తెచ్చి, అమ్మ ముందు పీట మీద ఉంచాడు. కోస్తే లోపల నిప్పు రంగు. నల్లటి గింజలు గిన్నెలోకి తీసి, ముక్క కోసి ఆమె నోటికి అందించాడు. పెద్దలు అట్లా పిల్లల ముందు ఒకరికొకరు నోటికి అందించుకోవడం మా ఇంట్లో అదే మొదటిసారి. జేజి తల వంచుకుని ఆకుకు సున్నం రాయడంలో మునిగిపోయింది. "ఎట్లుంది?" అన్నాడు నాయన. "తేనె మాదిరి ఉండాది," అంది అమ్మ. అప్పటికే ఆమెకు రుచులు తెలియడం తగ్గిపోయిందని నాకు తెలుసు. కొద్ది రోజుల ముందే, "నోట్లో ఏం పెట్టుకున్నా మన్ను మాదిరే ఉండాది పాపా," అని నాతో చెప్పింది. మన్ను రుచిని తేనె అని చెప్పి నాయన మొహం చూసుకుంది.

వాన కాలం వచ్చేసరికి వాపు మళ్లీ మొదలైంది. ఈసారి తగ్గలేదు. ఒళ్లంతా దురద, మెడ మీద గోళ్ల గీతలు. మంచం మీంచి లేవాలంటే తొడల్లో బలం లేదని గోడ పట్టుకునేది. గుండె దగ్గర పావురం కొట్టుకున్నట్టుందని చెయ్యి పెట్టి చూపించేది. నాయన పులివెందులకు పోయి అయ్యవారిని అడిగాడు. ఒంట్లో చెత్త బయటికి పోయేటప్పుడు అట్లానే ఉంటుందనీ, ఇంకా నిష్ఠగా తినమనీ చెప్పాడట. నాయన ఇంకా నిష్ఠగా పెట్టాడు. దానిమ్మ గింజలు ఒలిచి పిండి గ్లాసుల లెక్కన రసం, కొబ్బరినీళ్లు, చీనీరసం. ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. ముసలి డాక్టరు కూడా వచ్చి చూసి, పండ్లు బలమే, పెట్టండి అన్నాడు. ఆయనకు అంతకంటే తెలిసే కాలం కాదది.

ఒక మధ్యాహ్నం అమ్మ జేజిని దగ్గరికి పిలిచి, "అత్తా, రోంత సంగటి కెలికిపెడతావా? ఊరిబిండి కూడా. నాకు తినాలనుంది," అంది. ఆ ఇంట్లో అత్త దగ్గర ఆమె ఏదైనా అడగడం అంతకుముందు నేను వినలేదు. జేజి వాకిట్లో పొయ్యి ముట్టించింది. పిడికెడు ముద్ద, వేలికొనంత ఊరిబిండి. అమ్మ లేచి కూచుని, ముద్దలో గుంట చేసి, దాన్ని అద్దుకుని నోట్లో పెట్టుకుంది. నమలకుండా నాలుక మీద ఉంచుకుంది. అప్పుడే నాయన వచ్చాడు. బండి ఏదో మరమ్మతుకు పోయిందట, తొందరగా వచ్చాడు. జేజి పళ్లెం కొంగు కింద దాయబోయింది. నాయన అరుస్తాడనుకున్నాం. అరవలేదు. ఖాకీ చొక్కాతోనే అమ్మ మంచం పక్కన నేల మీద కూచుని, "ఎవురి కోసరం పీకినా ఆ బండలు?" అన్నాడు. అని ఏడ్చాడు. మా నాయన ఏడవడం నేను అదే మొదటిసారి చూడడం. అమ్మ నోట్లో ముద్దను చేతిలోకి తీసి పళ్లెంలో పెట్టేసింది. చెయ్యి చీరకు తుడుచుకుని ఆయన తల మీద పెట్టింది. "ఏడ్వాకు. తినన్లే. ఇంగ అడగన్లే," అంది. నిజంగానే మళ్లీ అడగలేదు.

చలికాలంలో అరటి గెల తయారైంది. నాయన దాన్ని కోసి, కుండలో వేపాకు వేసి మగ్గబెట్టాడు. పండ్లు చిన్నవే గానీ వాసన వీధి దాకా వచ్చేది. ఆ వారమంతా అమ్మకు పొద్దునా సాయంత్రం అవే. ఒకరోజు నేను బడికి బయలుదేరుతుంటే నాయన ఆమె మంచం పక్కన పళ్లెం పట్టుకుని కూచుని ఉన్నాడు. అమ్మ నా వైపు చూసి, జడ వదులుగా ఉందని సైగ చేసింది. బడిలో మధ్యాహ్నం గంట కొట్టకముందే ఖాసీం మామ సైకిలు మీద వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. ఇంటి ముందు జనం ఉన్నారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి తల వాల్చేసిందని చాందమ్మత్త చెప్పింది. నొప్పి పడలేదని అందరూ అన్నారు. నొప్పి పడలేదన్న మాటను మేము ఇన్నేళ్లు దాచుకుని వాడుకున్నాం.

అమ్మ పోయాక నాయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. మమ్మల్ని పెంచాడు, బస్సు నడిపాడు, చెట్లు పెంచాడు. పొయ్యి మళ్లీ లోపలికి వచ్చింది, జేజి సంగటి చేసింది, మేము తిన్నాం. ఆయన మాత్రం సాయంత్రాలు పండ్లే తినేవాడు. ఎవరైనా అమ్మ సంగతి ఎత్తితే, "ఆరు నెలలు కూడా బతకదనుకున్న మనిషి. పండ్ల మీద ఏడాదిన్నర నిలబడింది," అని చెప్పేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నడుము కొంచెం నిటారుగా అయ్యేది. ఆ పాత ఇల్లు ఎప్పుడో అమ్మేశారు. శీను ఊరి బయట కట్టుకున్న కొత్త ఇంట్లో కూడా నాయన తొంభైకి దగ్గర పడుతున్న వయసులో బొప్పాయి, దానిమ్మ నాటాడు. కాలం మారింది. మా చిన్నప్పుడు పండు అంటే జబ్బు మనిషి కోసం తెచ్చేది. ఇప్పుడు ప్రొద్దుటూరులో ప్రతి మలుపులో రసం తీసే బండి ఉంది, అంగట్లో ఏ దేశం పండైనా దొరుకుతుంది, ఫోను తెరిస్తే పండ్లతో అన్ని జబ్బులూ పోతాయని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. మిషన్లు మద్రాసు నుంచి మా ఊరికి వచ్చాయి. ఏం తినగూడదో చెప్పడానికి ఒక అమ్మాయి కూచుని ఉంది. అన్నీ తెలిశాయి. ఇవన్నీ అప్పుడే తెలిసుంటే అమ్మకు బాగయ్యేదా అంటే అదీ లేదు, మిషన్ లేని రోజుల్లో ఆమె ఎట్లాగూ దక్కేది కాదేమో. కానీ ఆ అరటిపండ్ల వారంలో పోయి ఉండేది కాదేమో. సంగటి తిని పోయి ఉండేదేమో. ఈ ఏమోలతో నేనేం చేయాలో ఆ అమ్మాయి చెప్పలేదు.

ఆ రోజు శీనును బస్సులో జమ్మలమడుగుకు తీసుకుపోతూ పండ్ల సంగతి చెప్పాను. వాడు కిటికీలోంచి చూస్తూ విని, "అమ్మకూ ఇదే జబ్బు గదక్కా?" అన్నాడు.

"ఇదే."

"మల్ల నాయన పెట్టినేటివి..." అని ఆగిపోయాడు. దిగేముందు, "నాయనకు చెప్పొద్దక్కా. నేను తిన్నట్ల చేసి యాడన్నా పారేస్తాలే," అన్నాడు.

అట్లా కుదరలేదు. మేము ఇంట్లోకి పోయేసరికి నాయన అరుగు మీద బొప్పాయి కోస్తున్నాడు. ఆ వయసులోనూ ముక్కలు ఒకే తీరుగా పడుతున్నాయి. "రా రా శీనప్పా, మిషన్ మీద అలిసిపోయింటావు. ఇది తిను," అని పళ్లెం చాపాడు. శీను లోపల తింటానన్నాడు. "లోపలెందుకు? నా ముందర తిను." లక్ష్మి తలుపు దగ్గర నిలబడి నా వైపు చూసింది. శీను పళ్లెం పట్టుకుని నా వైపు చూశాడు. నేను పోయి నాయన పక్కన కూచున్నాను.

"నాయనా, శీనుకు పండ్లు పెట్టొద్దంట. ఆసుపత్రిలో చెప్పినారు."

"పండ్లా? పండ్లు యాల వద్దంట?"

"వాడికి పడవంట."

ఆయన నవ్వాడు. "బజార్లో దొరికేటివి చెప్పింటారు పాపా. అన్నీ మందులు కొట్టి మాగేసినేటివే. ఇవి మనవి. ఒక్క సుక్క మందు తగల్లా."

"ఇవి కూడా వద్దంట నాయనా. మిషన్ మీద పడుకునేటోళ్లు తినగూడదంట."

ఆయన చేతిలో కత్తి ఆగింది. "మిషన్ మీద ఉండేటోళ్లకేనా?" అని అడిగాడు.

"మిషన్ మీద ఉండేటోళ్లకే."

"మీ యమ్మకు మిషన్ ల్యా గదా."

"ల్యా నాయనా."

తల ఊపాడు. శీను పళ్లెం అరుగు మీద పెట్టేసి లోపలికి పోయాడు, వాడి వెనక లక్ష్మి పోయింది. గండం గడిచిందనుకున్నాను. ఏదైనా వేరే మాట ఎత్తుదామని చూస్తుంటే నాయనే మళ్లీ అన్నాడు. ఈసారి నా వైపు చూడలేదు.

"ఆ పొద్దు ఆమె ఒద్దనింది పాపా. అరటిపండు. ఒక్కటి తినింది, ఇంగ ఒద్దు, గుండెల్లో ఎట్లనో ఉండాది అనింది. నేనే బతిమాలి ఇంగో రెండు తినిపిచ్చినా."

ఇది నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఆయన ఎవరికీ చెప్పలేదు. ఓదార్పు అవుతుందనుకుని, నిజం గనుక, "నీ చేత్తో పెట్టినావు గాబట్టే తినింది నాయనా. ఇంగెవురు పెట్టినా తినేది గాదు," అన్నాను. అన్నాకగానీ ఆ మాటలో ఏముందో నాకు తెలియలేదు.

"అవును," అన్నాడు ఆయన. "తినేది గాదు."

శీను వదిలిపోయిన పళ్లెం తీసి ఒడిలో పెట్టుకున్నాడు. ముక్కల మీద ఈగలు వాలుతుంటే చేత్తో తోలుతూ కూచున్నాడు. దాన్ని ఎవరికి ఇవ్వాలో ఆయనకు తెలియడం లేదు. నాకే జబ్బూ లేదు, ఆ పండు నేను తినవచ్చు. తీసుకుందామని అనుకుంటూనే ఉన్నాను, చెయ్యి మాత్రం లేవలేదు.